బండి చప్పుడు మాకు నేర్పిన పాఠం

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపండన్నా అని హాస్టల్ తమ్ముళ్ళు అడిగారు. మేము ముగ్గురం కవులం కాదు, కథకులం కాదు. మన హాస్టల్లో పక్కపక్కన ట్రంకు పెట్టెలు పెట్టుకొని, ఒకే పళ్ళెంలో తిని పదో తరగతి దాకా చదివినవాళ్ళం. మాకు బాగా తెలిసింది ఒక పాత బండి సంగతి. అదే రాస్తున్నాం.

2005లో ముగ్గురం కలిసి ఒక సెకండ్ హ్యాండ్ బండి కొన్నాం. సంగారెడ్డి అప్పుడు మెదక్ జిల్లా కేంద్రం. సుమోలు, బొలెరోలు, ట్రాక్సులు కంపెనీల షిఫ్టు మనుషులను ఎక్కించుకొని తిరిగే రోజులు. మాదీ అలాంటి పెద్ద బండే. ఒకరి అమ్మ పుస్తెలతాడు కుదువపెట్టింది. ఇంకొకరి ఇంట్లో పాడి బర్రెను అమ్మారు. మిగతాది మిత్తికి తెచ్చాం. సంగారెడ్డి నుంచి పాశమైలారం కంపెనీలకు మనుషులను తీసుకుపోయి తీసుకొచ్చే కిరాయి దొరికింది.

నెల తిరగకముందే కింద నుంచి చప్పుడు మొదలైంది. హైవే మీద బాగానే ఉండేది. ఇస్నాపూర్ దగ్గర లోపలి రోడ్డుకు తిరిగి లారీలు తొక్కిన గుంతల్లో పడగానే టక్, టక్ అనేది. మేము ఏం చేశామో తెలుసా? టేపు సౌండు పెంచాం.

ఒక షెడ్డులో చూపిస్తే షాకబ్జర్లు పోయాయన్నారు. నాలుగూ మార్పించాం. నెల కిరాయి దానికే పోయింది, చప్పుడు మాత్రం పోలేదు. ఈసారి ముందు బుష్షులు కొని మేమే బిగించాం. మాలో ఒకరు ఐ.టి.ఐ. చదివినవారు గదా అని ధైర్యం. రెండు నెలలకే ఆ బుష్షులు చిరిగిపోయాయి. రాత్రి షిఫ్టు దిగిన ఒక అక్క, "తమ్మీ, ఈ బండి ఎక్కాలంటే భయమైతుంది" అంది. బండిని చూసి బేరం చేసింది నువ్వే అంటే, నడిపి పాడుచేసింది నువ్వే అని మాలో మాకు తగాదా. వారం రోజులు ముగ్గురికీ మాటల్లేవు.

చివరికి పటాన్‌చెరులో ఒక ముసలి ఉస్తాద్ దగ్గరికి పోయాం. ఆయన పానా ముట్టలేదు. "సామాను మార్చుడు తర్వాత బేటా, ముందు చప్పుడు ఎక్కడిదో పట్టాలె" అన్నాడు. ఒకరిని స్టీరింగు అటూ ఇటూ కదపమన్నాడు. ఒకరిని బానెట్ మీద బలంగా నొక్కి వదలమన్నాడు. ఇంకొకరిని కింద పడుకొని ఒక్కో జాయింటు మీద చెయ్యి ఆనించమన్నాడు. ముగ్గురం మాట్లాడుకోక తప్పలేదు. "ఇక్కడ కొట్టుకుంటుంది" అని కింది నుంచి కేక వచ్చింది. ఎడమవైపు కింది బాల్ జాయింట్!

జాకీ ఎత్తి, టైరు కింద రాడ్డు పెట్టి లేపి చూపించాడు. జాయింటు వదులై ఆడుతోంది. "ఇది ఊడితే చక్రం పక్కకు పడిపోతది" అన్నాడు. రోజూ హైవే మీద ఎనిమిది మందిని కూర్చోబెట్టుకొని పోయినవాళ్ళం. మాకు చెమటలు పట్టాయి. తగాదా అక్కడికక్కడే ఆగిపోయింది.

బుష్షుల తప్పు కూడా ఆయనే చెప్పాడు. చక్రాలు గాలిలో వేలాడుతుండగా బోల్టు పూర్తిగా బిగిస్తే, బండి దించగానే లోపలి రబ్బరు మెలిపడి ఉండిపోతుంది. గుంత తగిలినప్పుడల్లా ఇంకా మెలిపడి తొందరగా చిరుగుతుంది. బండి బరువు చక్రాల మీద పడ్డాకే ఆఖరి బిగింపు బిగించాలట. వెనక కమాన్ పట్టీల యూ బోల్టులు కూడా వదులుగా ఉంటే బిగించాడు.

పాత బండి కొనే తమ్ముళ్ళకు మాకు తెలిసిన నాలుగు మాటలు. టేపు బంద్ చేసి, అద్దాలు దించి, చెడ్డ రోడ్డు మీద నడిపి చూడండి. గుంతలో టక్‌మంటే బాల్ జాయింటు, బుష్షులు, లింకు రాడ్లు చూడాలి. కిర్రుకిర్రుమంటే ఎండిపోయిన బుష్షులో, కమాన్ పట్టీలో అయి ఉండొచ్చు. స్పీడుతో పాటు గూంమనే చప్పుడు పెరిగితే వీల్ బేరింగును అనుమానించాలి. బండి మూల నొక్కి వదిలితే ఊగుతూనే ఉన్నా, షాకబ్జరు ఆయిలు కారినా అది పోయినట్టే. గ్రీజు నిపుల్ ఉన్నచోట టైముకు గ్రీజు కొట్టించండి.

2007లో అమ్మ పుస్తెలతాడు విడిపించాం. 2012 దాకా ఆ బండే మా మూడిళ్ళకూ అన్నం పెట్టింది. ఆ ఉస్తాద్ ఇప్పుడు లేడు. సంగారెడ్డి 2016లో తానే ఒక జిల్లా అయింది. మేము ముగ్గురం మాత్రం ఇప్పటికీ ఒకచోట కలిస్తే అదే పళ్ళెంలో తింటాం.

తమ్ముళ్ళూ, బండిలోనైనా, స్నేహంలోనైనా, చదువులోనైనా చిన్న చప్పుడు వినిపిస్తే టేపు సౌండు పెంచకండి. దిగి చూడండి. తెలియకపోతే తెలిసినవాళ్ళను అడగండి. పరీక్షలు రాసే తమ్ముళ్ళందరికీ మా శుభాకాంక్షలు.

- ముగ్గురు పూర్వ విద్యార్థులు