మొక్కజొన్న చేలల్లో ఖాదర్

సైకిలు మాకు షోకు కాదు. మా ఊళ్లల్లో సైకిల్ షాపంటే సాయిబుదే. అద్దె సైకిళ్లు, ట్యూబు ముంచి చూసే నీళ్ల తొట్టి, సొల్యూషన్ వాసన. మా అబ్బాల గోళ్లలో నలుపు చచ్చేదాకా వదల్లేదు. 'పంక్చర్లేసుకునేటోళ్లు' అనే మాట కొందరికి తిట్టు. మాకది డిగ్రీ దాకా ఫీజులు కట్టిన పని.

ఆ ఇళ్లలో పుట్టిన మేమిద్దరం, అక్కచెల్లెళ్ల బిడ్డలం, ఒకరు పత్రికల్లో, ఒకరు అమెరికాలో కంప్యూటర్ల ముందు బతికేవాళ్లం, ఒక జూలైలో అయోవా రాష్ట్రాన్ని సైకిళ్ల మీద దాటాం. మిస్సోరీ నదిలో వెనక చక్రం తడిపి బయల్దేరి, మిసిసిపీలో ముందు చక్రం తడపడం అక్కడి ఆనవాయితీ. 1973లో ఇద్దరు విలేకరులు మొదలుపెట్టిన యాత్రలో ఇప్పటికీ ఏటా వేలమంది తొక్కుతారు. మేం ఆ గుంపులో పోలేదు.

అయోవా బల్లపరుపు నేల అన్నవాడెవడూ అక్కడ సైకిలు తొక్కి ఉండడు. ఎక్కడం, దిగడం, మళ్లీ ఎక్కడం. రెండు పక్కలా మనిషెత్తు దాటిన మొక్కజొన్న, అదైపోతే సోయా, అదైపోతే మళ్లీ మొక్కజొన్న. ఆకుల ఆవిరికి ఊపిరాడదు. అంత పంటలో ఒక్క మనిషి కనపడడు!

ఆగినచోటల్లా 'ఎక్కడినుంచి?' అని అడిగారు. 'ఇండియా' అంటే తలూపి నీళ్లిచ్చారు. ఒక్కసారి చెబితే సరిపోయింది. పుట్టిన జిల్లాలోనే 'తెలుగు బాగా మాట్లాడతారే' అని మెచ్చుకోలు వినే మాకు ఇది కొత్త.

అట్లాగని ఆ నేల అమాయకమైందేం కాదు. టామా దగ్గర మెస్క్వాకీ జనం, తమను వెళ్లగొట్టిన నేలలోనే 80 ఎకరాలు డబ్బిచ్చి కొనుక్కున్నారు. మన సిపాయిలు తిరగబడ్డ 1857లోనే.

సీడర్ రాపిడ్స్‌లో 1934 నాటి మసీదు చూశాం. అమెరికాలో మసీదుగానే కట్టి ఇంకా నిలిచున్న వాటిలో అదే పాతది. కట్టింది సిరియా, లెబనాన్ల నుంచి వచ్చినవాళ్లు. వాళ్లలో మూట భుజానేసుకుని పొలాల మధ్య ఇల్లిల్లూ తిరిగి సరుకులమ్మినవాళ్లున్నారు. మా గాజుల సాయిబులే అనుకోండి. మధ్యలో ఆ ఇల్లు అమ్ముడుపోయింది, కొన్నాళ్లు చర్చి అయింది, మళ్లీ కొనుక్కున్నారు. 2008 వరదలో మునిగింది. గుంబజ్ మీదికి గునపాలతో మాత్రం ఎవరూ ఎక్కలేదు.

అక్కణ్ణుంచి ఉత్తరానికి తిరిగి ఎల్కేడర్ చేరాం. వెయ్యి పైచిలుకు జనం, రాతి వంతెన, కింద టర్కీ నది. ఆ పేరు అబ్దుల్ ఖాదర్‌ది. అల్జీరియాలో ఫ్రెంచివాళ్లతో 1832 నుంచి పోరాడిన అమీర్. పోరు ఇంకా నడుస్తుండగానే, 1846లో, ఈ తెల్లవాళ్లు తమ ఊరికి ఆయన పేరు పెట్టుకున్నారు. 1860లో డమాస్కస్ అల్లర్లలో వేలమంది క్రైస్తవుల్ని కాపాడిందీ ఆయనే. ఆ సంగతికి ఇంకా పద్నాలుగేళ్లుంది. మంచితనం రుజువు చేసుకున్నాక పెట్టిన పేరు కాదన్నమాట.

వంతెన దగ్గర ఒక ముసలి రైతునడిగాం, పేరు మార్చాలని ఎవరూ అనలేదా అని. ఆయనకు ప్రశ్న అర్థం కాలేదు. 'మార్చడమెందుకు?' అన్నాడు. 2018లో అలహాబాద్ సంగతి, 2023లో ఔరంగాబాద్ సంగతి చెబుదామనుకుని ఊరుకున్నాం. చెప్పుకుంటే ఎవరికి సిగ్గు?

మా తమ్ముడి పేరులోనూ ఖాదరే ఉన్నాడు. ఆఫీసులో రెండక్షరాలకు కోసేసుకున్నాడు. ఆ రాత్రి లాడ్జి రిజిస్టర్లో మాత్రం పూర్తి పేరు రాశాడు. కౌంటర్ దగ్గరి అమ్మాయి చూసి, దీన్నెట్లా పలకాలి అనడిగింది.