నీటి అడుగున ఒక ఉద్యానవనం

అండమాన్ దీవుల పేరు వినగానే మనలో పెద్దలకు సెల్యులర్ జైలు, ద్వీపాంతరవాస శిక్ష గుర్తుకు వస్తాయి. పిల్లలకు నీలిసముద్రం, తెల్లని ఇసుక గుర్తుకు వస్తాయి. ఈ రెండింటినీ చూచి తృప్తిగా తిరిగివచ్చేవారు అనేకులు. కానీ ఆ దీవుల అపురూప సంపదలో అధికభాగం నీటిపైన గాక నీటి అడుగున ఉన్నది. దానిని సామాన్య యాత్రికుడు సైతం కన్నులారా చూడగలిగిన చోటు వండూర్‌లోని మహాత్మాగాంధీ సాగర జాతీయ ఉద్యానవనం. ఎల్.టి.సి.పై అండమాన్ వెళ్ళదలచిన మన ఉద్యోగ సోదరులకు, వారి కుటుంబాలకు ఉపయోగపడగలదన్న ఆశతో ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

ఎక్కడ ఉన్నది?

2024 సెప్టెంబరులో శ్రీవిజయపురమని పేరు మార్చిన పోర్ట్ బ్లెయిర్ నుండి నైరుతి దిశగా సుమారు 30 కిలోమీటర్లు ప్రయాణిస్తే వండూర్ గ్రామం వస్తుంది. దాని ఎదుట, పడమటి సముద్రంలో చెదరిన ముత్యాలవలె ఉన్న దీవులను, వాటి నడుమ నీటిని కలిపి 1983లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. మొత్తం వైశాల్యం సుమారు 281 చదరపు కిలోమీటర్లు, దీవులు పదిహేను. వీటిలో యాత్రికులకు ప్రవేశం ఉన్నవి ముఖ్యంగా రెండు: జాలీ బాయ్, రెడ్ స్కిన్.

చెన్నై నుండి విమానంలో రెండు గంటలకు కాస్త పైగా పడుతుంది. సముద్రయానం ఇష్టపడేవారికి చెన్నై, కలకత్తా, విశాఖపట్నాల నుండి ఓడలు ఉన్నవి. సుమారు మూడు రోజుల ప్రయాణం. మన భాష అక్కడ పరాయిది కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవులలో నూటికి పదముగ్గురికి పైగా తెలుగు మాతృభాషగా గలవారే. బజారులో శ్రీకాకుళపు యాస వినిపించినా ఆశ్చర్యపడనక్కరలేదు.

సూర్యుడు ముందుగా ఉదయించే చోటు

వెళ్ళేవారు గమనించవలసిన మొదటి సంగతి కాలం. మన దేశపు ప్రామాణిక సమయాన్ని 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశంపై లెక్కిస్తారు. అండమాన్ దాదాపు 92.7 డిగ్రీల వద్ద ఉన్నది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున సూర్యుడు అక్కడ గడియారం కంటె 40 నిమిషాలు ముందు నడుస్తాడు. డిసెంబరులో సాయంకాలం 5 గంటలకే ప్రొద్దు క్రుంకుతుంది. కావున పడవలు ఉదయమే బయలుదేరుతాయి. ప్రవేశానికి అటవీశాఖ అనుమతిపత్రం అవసరం. గుర్తింపు పత్రాలతో ముందురోజే విచారించి పెట్టుకొనడం మేలు. దీవులలో రాత్రి బస లేదు, భోజనశాలలు లేవు. ఉదయం వెళ్ళి మధ్యాహ్నానికి తిరిగి రావలసిందే.

ఒకటి పనిలో, ఒకటి విశ్రాంతిలో

రెండు దీవులనూ ఒకేసారి చూడటం సాధ్యం కాదు. వానలు తగ్గినప్పటి నుండి వేసవి వరకు సుమారుగా జాలీ బాయ్ తెరచి ఉంటుంది. మిగిలిన నెలలలో దానిని మూసి రెడ్ స్కిన్ తెరుస్తారు. ఈ ఏర్పాటు మన సంస్థలలో పనిచేసేవారికి వెంటనే బోధపడుతుంది. పంపుహౌసులో రెండు పంపులుంటే ఒకటి నడుస్తుండగా మరొకదానికి విశ్రాంతినిస్తాము. రెండింటినీ ఏకధాటిగా నడిపేవాడు తెలివిగలవాడు కాడు. ఇక్కడ విశ్రాంతి అవసరమైనది యంత్రానికి కాదు, ప్రాణికి.

ప్లాస్టిక్ నిషేధం జాలీ బాయ్‌లో నామమాత్రం కాదు. పడవ ఎక్కేముందే సంచులు తనిఖీ చేస్తారు. నీటికొరకు ధరావతు కట్టించుకొని తిరిగి వాడదగిన సీసాలిస్తారు. బిస్కట్ పొట్లాల కవరు సైతం రేవులోనే విడిచిపెట్టవలసి ఉంటుంది. ఇంటినుండి స్టీలు డబ్బాలో పులిహోర తీసుకొనివెళ్ళినవారికి ఏ ఇబ్బందీ ఉండదు.

మడ అడవుల మధ్య

వండూర్ రేవు నుండి జాలీ బాయ్‌కు దాదాపు గంట ప్రయాణం. దారి పొడవునా దీవుల అంచులలో మడ అడవులు కనిపిస్తాయి. కాకినాడ చెంత కోరింగ చూచినవారికి ఇవి పాత చుట్టాలే. ఊడలవంటి వేళ్ళు బురదను పట్టి ఉంచుతాయి. అలల ధాటిని తగ్గిస్తాయి. వానకు కొట్టుకువచ్చే మట్టి పగడాలపై పడకుండా వడపోస్తాయి. నీటిశుద్ధి కేంద్రంలో మనం చేసే పనిని ఇవి జీతం లేకుండా చేస్తున్నాయి.

ఈ తీరాన భూమి రూపు కూడా మారినది. 2004 డిసెంబరు 26 నాటి భూకంపంలో ఉత్తర అండమాన్ తీరం కొన్నిచోట్ల పైకి లేచి పగడపు దిబ్బలు గాలిలో ఎండిపోగా, దక్షిణ అండమాన్‌లో నేల దాదాపు ఒక మీటరు క్రుంగినది. ఆ క్రుంగుబాటుతో దక్షిణాన తీరపు చెట్లు, పొలాలు ఎన్నో ఉప్పునీటి పాలైనవి.

గాజు క్రింద లోకం

దీవి చెంతకు చేరిన తరువాత అడుగున గాజు అమర్చిన చిన్న పడవలోనికి మారుస్తారు. ఈత రానివారు, వృద్ధులు, పసిపిల్లలు ఈ పడవలోనే కూర్చుండి సర్వమూ చూడవచ్చును. జింక కొమ్ములవంటి పగడాలు, మనిషి మెదడువలె ముడతలు పడ్డ బండలు, నీలి పెదవుల పెద్ద ఆల్చిప్పలు, సీతాకోకచిలుకలవంటి చేపలు మోకాళ్ళ క్రిందుగా సాగిపోతుంటాయి. పగడాన్ని కొరికి పిండిచేసే చిలుక చేపలను పిల్లలకు తప్పక చూపించండి. మనం ఒడ్డున నడిచే తెల్లని ఇసుకలో చాలాభాగం వాటి మిల్లు ఆడించినదే!

పిల్లలకు మరొక పాఠం కూడా చెప్పవచ్చును. నీటి వక్రీభవనం వలన నాలుగు మీటర్ల లోతు మూడు మీటర్లుగా అగుపిస్తుంది. అందువలన లోతు తక్కువేనని కంటిచూపుతో నమ్మి దిగరాదు.

ఈత వచ్చినవారు ముఖానికి కళ్ళద్దం, నోటికి గొట్టం పెట్టుకొని, నిర్దేశించిన మేర స్నార్కెలింగ్ చేయవచ్చును. ఈ తీరాలలో ఉప్పునీటి మొసళ్ళు ఉన్నవి. హెచ్చరిక ఫలకాలున్న చోట మోకాటిలోతు నీటిలో సైతం దిగరాదు. ఎండకు లేపనాలు పూసుకొనుట కంటె నిండుచేతుల చొక్కా ధరించుట ఉత్తమం. కొన్ని లేపనాలలోని రసాయనాలు పగడాలకు హాని చేస్తాయి.

రాయి కాదు, ప్రాణి

మన ఉంగరాలలో పొదిగే ఎర్రని పగడం వేరు. ఇక్కడ దిబ్బలు కట్టే పగడాలు వేరు. చీమతలంత, గింజంత జీవులు లక్షలాదిగా చేరి సముద్రజలం నుండి సున్నాన్ని గ్రహించి తమకు తామే ఇళ్ళు కట్టుకుంటాయి. వాటి దేహాలలో సూక్ష్మమైన నాచు కాపురముంటుంది. సూర్యరశ్మితో ఆ నాచు వండిన భోజనమే ఈ జీవులకు ప్రధానాహారం. రంగులలో ఎక్కువ భాగం కూడా దాని చలవే. బండవంటి పగడాలు ఏడాదికి ఇంచుమించు ఒక సెంటీమీటరు పెరుగుతాయి. మనం కాలు మోపి విరిచిన అరచేయంత ముక్క పది, పదిహేనేళ్ళ నిర్మాణమన్నమాట.

ప్రతి యంత్రానికి ఒక ఉష్ణోగ్రతా పరిమితి ఉన్నట్లే పగడానికీ ఉన్నది. అది కడు స్వల్పం. వేసవిలో సాధారణంగా ఉండే గరిష్ఠస్థాయి కంటె నీరు ఒక్క డిగ్రీ అధికంగా వేడెక్కి కొన్ని వారాలు నిలిచినచో పగడం తన నాచును వెలివేస్తుంది. అప్పుడు లోపలి సున్నపు అస్థిపంజరం తెల్లగా బయటపడుతుంది. నీరు వెంటనే చల్లబడితే కోలుకొనవచ్చును. లేనిచో ఆకలితో మరణిస్తుంది. అండమాన్‌లో 1998లోను, 2010లోను, 2016లోను ఈ విపత్తు సంభవించినది. ప్రపంచవ్యాప్తంగా నాలుగవ పర్యాయం సంభవించినట్లు 2024 ఏప్రిల్‌లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు.

కనుక గాజు క్రింద రంగుల పగడాల నడుమ బూడిదరంగు శిథిలాలు కూడా కనిపిస్తాయి. “బొమ్మలలో చూచినంత అందంగా లేదే!” అని కొందరు నిరాశపడతారు. ఆ శిథిలాలను కూడా శ్రద్ధగా చూడవలసినదని నా మనవి. వాటిపై కొత్తగా మొలకెత్తిన చిన్న కొమ్మలు వెదికితే కనబడతాయి. దెబ్బతిన్న దిబ్బ తిరిగి లేచుట అక్కడే మొదలవుతుంది. సముద్రపు వేడిని యాత్రికుడొక్కడు తగ్గించలేడు. కానీ అప్పుడే కోలుకొంటున్న మొలకను తన కాలితో త్రొక్కకుండుట అతని చేతిలోనే ఉన్నది. దీవిని మూసి ఉంచే నెలలకు, సంచుల తనిఖీకి, కాపలాదారు గద్దింపుకు అర్థం ఇదే.

చేయదగినవి, చేయరానివి

వండూర్ వెళ్ళే ముందురోజు పోర్ట్ బ్లెయిర్‌లో నౌకాదళం వారి సముద్రిక ప్రదర్శనశాల చూచినచో పగడాల పేర్లు, రూపాలు పరిచయమవుతాయి. మరునాడు పడవలో పిల్లలే మనకు చెబుతారు. అల పోటున్నపుడు పడవ ఊగుతుంది. వాంతులయ్యే స్వభావం గలవారు తేలిక ఫలహారం చేయాలి. మోకాళ్ళ నొప్పులున్నవారు పడవ మారేటప్పుడు సరంగు చేయి పట్టుకొనుటకు మొగమాటపడరాదు.

గవ్వగానీ, పగడపు ముక్కగానీ, గుప్పెడు ఇసుకగానీ ఇంటికి తీసుకొనిరావద్దు. దిబ్బలు కట్టే పగడాలకు మన వన్యప్రాణి సంరక్షణ చట్టం పులికి ఇచ్చిన రక్షణే ఇచ్చినది. చనిపోయినదైనా ముక్కను తెచ్చుట నేరమే. చేపలకు బిస్కట్లు వేయరాదు; వాటి భోజనం వాటికి ఉన్నది. జ్ఞాపకార్థం ఫొటోలు చాలును.

తీర్థానికి వెళ్ళినవారు ప్రసాదం తెచ్చి ఇరుగుపొరుగులకు పంచుట మన ఆచారం. ఈ తీర్థానికి ప్రసాదం లేదు. చూచిన సంగతులను చెప్పుటే పంపకం. మన పిల్లలు పెద్దవారై తమ పిల్లలను తీసుకొని వెళ్ళే నాటికి ఆ గాజు క్రింద చూడదగినదేదో మిగిలి ఉండాలని కోరుకుంటూ, మిత్రులందరికీ శుభయాత్ర పలుకుతున్నాను.