పెండ్లినాటి పెత్తనము

మా యూరు పెనుగొలను. తిరువూరు ప్రాంతమున, ఖమ్మము జిల్లా సరిహద్దునకు చేరువగా నున్న గ్రామము. మేమిద్దరము తోడికోడండ్రము, ఒక యింటనే కాపురము, ఒక పొయ్యిమీదనే వంట. మాకు చెరియొక యాడపిల్ల. ఇద్దఱి పెండ్లిండ్లును మా యింటి ముంగిట పందిరి వేయించియే చేసితిమి. మొదటిది 2016వ సంవత్సరమున మాఘమాసమందు, రెండవది 2022వ సంవత్సరమున శ్రావణమందు. మొదటి పెండ్లిలో మేము పడిన పాట్లును, రెండవదానిలో తప్పించుకొన్న పాట్లును సోదరీమణులకు విన్నవింపవలెనని చాలకాలముగా మా కోరిక.

మా పెద్దమ్మాయి హైదరాబాదులో సాఫ్టువేరు కొలువు చేయుచుండెను. పెండ్లికి పదిదినముల సెలవు దొరకుటయే గగనమయ్యెను. అయినను పువ్వులవానిని, ఫోటోలవానిని, బస్సులవానిని, వంటమేస్త్రిని తానే కుదుర్చుకొనెను. అందఱ కడను ఆ పిల్ల ఫోను నెంబరే యుండెను. చిక్కంతయు నందుండియే వచ్చినది. గౌరీపూజకు కూర్చున్న పెండ్లికూతురి యొడిలో ఫోను మ్రోగుచునే యుండెను. పెండ్లివారి బస్సు డ్రైవరు తిరువూరులో నిలిచి యెటు తిరుగవలెనని యడుగును. జనరేటరువాడు డీజిలు ఎవరు తెత్తురని యడుగును. పురోహితులు "సంకల్పము చెప్పుకొనుమమ్మా" యనిన, పిల్ల "ఒక్క నిమిషము, గురువుగారూ" యనును. ఇట్లు ఆ పూజ జరిగినది.

మాలో పెద్దది కన్యాదానమునకు పీటలమీద కూర్చుండెను. ఆమె నడుమున తాళపుచెవుల గుత్తి. కొట్టుగదిలో పంచదార కావలెనన్నను, బీరువాలో కొత్తబట్టలు కావలెనన్నను ఎవరో యొకరు పందిరెక్కి యామె చెవిలో చెప్పవలసినదే. నోట మంత్రము, మనసు కొట్టుగదిలో. మాలో చిన్నది పందిరికిని కొట్టుగదికిని నడుమ కాలు నిలువక తిరుగుచుండెను. సుముహూర్తము రాత్రి 9 గంటల 42 నిమిషములకు. అంతలో తలంబ్రాల పళ్ళెము కానరాదని కేక వేసిరి. ఆమె దానిని వెదకుచు కొట్టుగదిలో నుండగనే గట్టిమేళము మ్రోగెను. జీలకఱ్ఱ బెల్లము పెట్టిరి, తెర తీసిరి. తన చేతులమీద పెరిగిన పిల్ల తలపై ఆ చేయి పడుట నామె చూడలేదు. పళ్ళెము మాత్రము తరువాత దొరకినది. పురోహితుల ప్రక్కనే, అరటియాకు క్రింద నుండెను.

వీడియోలో చూచుకొనవచ్చునని బంధువు లోదార్చిరి. చూచితిమి. అందు పెండ్లికూతురు తెర మాటున కూర్చుండి వాకిటివైపు చూచుచున్నది. ఎవరికొఱకే యట్లు చూచితివని యడుగగా, "రెండవ బస్సు వచ్చినదో లేదో యని చూచితిని పిన్నీ" యనెను. ఆ మాట విన్న నాడు మేమిద్దరము అన్నము తినలేదు.

అందువలన చిన్నమ్మాయి పెండ్లి కుదిరినప్పుడు, ఆ దినమున పెత్తనము చేయుటకు కూలి యిచ్చి యొక మనిషిని పెట్టుకొందమని తలచితిమి. ఆ పిల్ల యప్పుడు విజయవాడ ఆసుపత్రిలో డాక్టరు, రాత్రి డ్యూటీలు, దానికి ఫోనులో మాటాడుటకే తీరిక లేదు. మా యాలోచన వినగనే అత్తగారు మండిపడిరి. "పరాయిదాని చేతికి ఇంటి తాళములా? మన దొడ్డమ్మ చేయలేదా? ఆమెకు ఎవరు కూలి యిచ్చిరి?"

ఆ మాట మమ్ము చాల దూరము తీసికొనిపోయినది. దొడ్డమ్మగారు మా మామగారి యక్కగారు. పందొమ్మిదవ యేట భర్తను గోల్పోయి పుట్టింటికి వచ్చిరి. ఆమె బ్రదికియున్నన్నాళ్ళు మా యింట జరిగిన ప్రతి పెండ్లికిని కొట్టుగది యామెదే. ఎన్ని మానికల బియ్యము పోయవలెనో, ఏ వేళకు ఏ పళ్ళెము పందిటిలోనికి పోవలెనో, వియ్యపురాలికి కాఫీలో పంచదార ఎంతయో, సర్వము ఆమె నోటనే యుండెడిది. ఆమె కాలమున పెండ్లి అయిదునాళ్ళు. ఈనాడు మఱచినది రేపు సరిదిద్దుకొనవచ్చును. కుమ్మరి ఐరేని కుండలు తెచ్చుట, చాకలి దివిటీ పట్టుట, మంగలి మేళము వాయించుట, ఎవరి పని వారికి తరతరములుగా తెలిసినదే; చెప్పవలసిన పని యుండెడిది కాదు. నేడు ఆ యయిదునాళ్ళును ఒక సాయంకాలములో నిమిడినవి. చేయువారు ఒక్కొక్కరు ఒక్కొక్క యూరినుండి వత్తురు, ఒకరి నొకరెఱుగరు. పొరపాటు దిద్దుకొనుటకు మఱునాడు లేదు. దొడ్డమ్మయు లేదు.

ఇంకొక మాట కూడ చెప్పక తప్పదు. అన్ని పెండ్లిండ్లు నడిపించిన దొడ్డమ్మగారు ఒక్క ముహూర్తమైనను కన్నులార చూడలేదు. విధవ ఎదురుపడరాదని ఆమెను కొట్టుగదిలోనే యుంచిరి. మేము కోడండ్రమై వచ్చిన తరువాతను అదియే యాచారము. మేమును నోరు మెదపలేదు. అత్తగారు చెప్పినట్లు కూలి యెవ్వరును ఇయ్యలేదు. కొత్తచీర కూడ పెట్టినట్లు మాకు జ్ఞాపకము లేదు.

పెండ్లి నడుపుట యెంతటి పనియో తెలియగోరువారు 1881వ సంవత్సరమున డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరములో జరిగిన పెండ్లిని తలచుకొనవలెను. కందుకూరి వీరేశలింగము పంతులుగారు చేయించిన మొదటి వితంతు వివాహ మది. ఊరు వెలివేయగా వంటవాండ్రును, నీరు తెచ్చువారును రామనిరి. పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరి నీరు మోసి, తామే వంట చేసి యా పెండ్లి గట్టెక్కించిరి. పంతులుగారి పేరు పిల్లలు బడిలో చదివెదరు. నీళ్ళు మోసిన యామె పేరు ఎందఱకు తెలియును?

ఇక మేము కుదుర్చుకొన్న మనిషిని గూర్చి. విజయవాడనుండి వచ్చినది, ముప్పది యేండ్ల లోపు వయస్సు. కోఆర్డినేటరని యందురు. పెండ్లి యంతయు తమ మీద వేసికొని చేయించు సంస్థలు వేఱు, ఈమె వేఱు. వంటవాని నేర్పఱచుట, పువ్వులు బేరమాడుట, పిలుపులు, అన్నియు మనవే. మనము చేసికొన్న యేర్పాట్లను ఆ దినమున నడిపించుట మాత్రము ఆమెది. అందుకు 25,000 రూపాయ లడిగెను. ఎక్కువ యనిపించినది, పందిరి పూలకైన సొమ్ము తలచుకొని యూరకుంటిమి.

పదునైదు దినములు ముందుగా నొకసారి వచ్చి పురోహితులతో కూర్చుండి కాగితము వ్రాసికొనెను. ముహూర్తము రాత్రి 10 గంటల 8 నిమిషములు. అచ్చటనుండి వెనుకకు లెక్క కట్టెను: మేనమామ పిల్లను బుట్టలో తెచ్చుట ఎప్పుడు, గౌరీపూజ ముగియుట ఎప్పుడు, ఎదురుకోలు ఎప్పుడు, అందుకు బస్సు ఊరు చేరవలసిన దెప్పుడు. అడ్డుతెర, జీలకఱ్ఱ బెల్లము, మంగళసూత్రములు, మట్టెలు, తలంబ్రాలు, ఒక్కొక్కటి యొక్కొక్క పళ్ళెములో పెట్టించి, మూతవేసి అంకె వేయించెను. అంకెల వరుసన అందించుటకు మా మేనల్లుని నిలిపెను. వంటవాడు మొదలుకొని డ్రైవరు వఱకు అందఱకు తన నెంబరే యిచ్చినది. పెండ్లినాడు తెల్లవారగనే పిల్ల ఫోను తీసి అత్తగారి చేతిలో పెట్టినది. ఆవిడ దానిని పోపులడబ్బాలో దాచిరి. అప్పటినుండి ఆ మనిషిమీద అత్తగారి కొక మాదిరి మంచి యభిప్రాయము కలిగినది. తాళములలో కొట్టుగదిది మాత్రమే యిచ్చితిమి. నగల పెట్టె తాళము మాయొద్దనే యుంచుకొంటిమి. అట్లుంచుకొనుడని ఆమెయే చెప్పినది.

ఆ మధ్యాహ్నము కట్టలేటికి నీరు వచ్చినదని తెలిసెను. విస్సన్నపేట మీదుగా రావలసిన పెండ్లివారి బస్సును ఆమె అప్పటికే తిరువూరు మీదుగా మరలించినది. మాకీ సంగతి బస్సు వచ్చిన తరువాతనే తెలిసినది. మొదటి బంతిలో లేచిన విస్తళ్ళు లెక్కించి, మఱి యెంత బియ్యము పోయవలెనో వంటమేస్త్రికి చెప్పెను. కడుపులో ఏమియు లేని పిల్లకు గంట గంటకు కొబ్బరినీరు తెప్పించి యిచ్చెను. ఇది దొడ్డమ్మ చేసెడి పనియే.

అన్నియు మెచ్చవలసినవే కావు. హారతి పాట పాడుచున్న ముసలమ్మలను "టైము అయిపోయినదండీ" యని తొందరపెట్టెను, వారు చిన్నబుచ్చుకొనిరి. పెత్తనమంతయు తమదేయని యుండిన మా పెదబావగారు, ఎవరో పిల్ల తమకు పని చెప్పుచున్నదని యలిగి చావడిలో కూర్చుండిరి. ఆయనను ఆమె తేలేకపోయినది. మేమిద్దరమును పోయి బ్రతిమాలిన తరువాతనే పందిటిలోనికి వచ్చిరి. అలుక తీర్చుట యద్దె మనిషి వలన నగు పని కాదు.

గట్టిమేళము మ్రోగినప్పుడు మాలో చిన్నది పీటలమీద, పెద్దది దాని భుజము పట్టుకొని వెనుక. నడుమున గుత్తి లేదు. ఎవరును చెవిలో ఏమియు చెప్పలేదు. పిల్ల తల వంచుకొని కూర్చుండెను. అల్లుని చేయి వణకుట కూడ చూచితిమి. పెద్దమ్మాయియు మా ప్రక్కనే నిలుచుండి యేడ్చినది. ఎందుకని మేమడుగలేదు.

అప్పుడు తలయెత్తగా ఆ కోఆర్డినేటరు కనబడినది. పందిరికి వీపు త్రిప్పి, వంటపాకవైపు చూచుచు నిలుచుండెను.

రాత్రి ఒంటిగంటకు అందఱి భోజనములైన తరువాత ఆమె నిలుచుండియే తినబోగా అత్తగారు చేయిపట్టి కూర్చుండబెట్టి విస్తరి వేయించిరి. తామే వడ్డించిరి. మఱునాడు నూజివీడులో ఇంకొక పెండ్లి యున్నదట. అత్తగారు కొత్తచీర ప్రక్కన పెట్టి, "నీ పెండ్లికి పెత్తన మెవరు చేసిరే పిల్లా?" యని యడిగిరి.

"మా అమ్మేనండి. నాన్న లేరు. కన్యాదానము పిన్ని బాబాయిలు చేసినారు. ముహూర్తానికి అమ్మ వంటపాకలో ఉన్నది."

అత్తగారు మఱేమియు ననలేదు. ఆమె విస్తరిలో ఇంకొక బూరె వేసిరి.