నీళ్ళ వంతు లాగే చుక్కల వంతు

ఈ రోజు పంట సంగతి కాదు, ఇంట్లో పెద్దవాళ్ళ కళ్ళ సంగతి రాస్తున్నా. పోస్టు కొంచెం పెద్దదే. ఇంట్లో అరవై దాటినవాళ్ళు ఉంటే ఓపిగ్గా చదవండి.

పోయినేడు మిరప కోతలప్పుడు మా అమ్మకి కుడి కంటి శుక్లం ఆపరేషన్ చేయించాం. ఆపరేషన్ ఇరవై నిమిషాల్లో అయిపోయింది. అసలు పని ఇంటికొచ్చాక మొదలైంది. మొదటి వారం రోజుకి ఆరుసార్లు చుక్కలు, తర్వాత వారం వారం తగ్గిస్తూ నెల పైన వెయ్యాలన్నారు. కోతల రోజుల్లో మధ్యాహ్నం చుక్కలకి ఇంటికి ఎవరు రావాలి? కాలవ నీళ్ళకి వంతులు రాసుకున్నట్టే చుక్కలకీ వంతులు రాసి గోడకి అంటించాం. పొద్దున నేను, మధ్యాహ్నం మా ఆవిడ, సాయంత్రం మా అబ్బాయి. మనలో చాలా ఇళ్ళల్లో ఇది కోడలి పని అని వదిలేస్తాం. ఆమె కూడా కూలీలతో పాటు చేలోనే ఉంటుంది కదా అన్నా!

చుక్కలు వెయ్యడం అంటే ఏముందిలే అనుకుంటాం. ఆసుపత్రిలో నర్సమ్మ మా చేత వేయించి, సరిగ్గా వేశామని చూసుకున్నాకే ఇంటికి పంపింది. ముందు సబ్బుతో చేతులు కడగాలి. పురుగుమందు కొట్టిన చేత్తో, మిరపకాయలు తెంపిన చేత్తో కన్ను ముట్టకూడదు. తల వెనక్కి వాల్చి, కింది రెప్పని మెల్లగా లాగి ఒక్క చుక్క వెయ్యాలి. సీసా మూతి కంటికీ రెప్ప వెంట్రుకలకీ తగలకూడదు. వేశాక కన్ను మూసి, ముక్కు పక్కన కంటి మూలని వేలితో రెండు నిమిషాలు అదిమి పట్టుకోవాలి. అలా పడితే మందు గొంతులోకి జారిపోకుండా కంట్లో నిలబడుతుంది. రెండు రకాల మందులుంటే మధ్యలో ఐదు నిమిషాలు ఆగాలి. పాలలా తెల్లగా ఉండే మందుని బాగా ఊపి వెయ్యాలి. మూత తీసిన రోజు తారీఖు సీసా మీద రాసుకోవాలి. మామూలుగా నెల దాటితే అది వాడకూడదు. మా అమ్మకి చదువు రాదు కాబట్టి ఒక సీసాకి ఎర్ర దారం, ఇంకోదానికి తెల్ల దారం కట్టాం.

మిగతా జాగ్రత్తలు కూడా మన ఇళ్ళకి తగ్గట్టు చూసుకోవాలి. డాక్టరు సరే అనేదాకా తలస్నానం లేదు, ముఖం మీద నీళ్ళు చల్లుకోవడం లేదు. కట్టెల పొయ్యి దగ్గరికీ, మిరప కల్లం దగ్గరికీ పంపకండి. కన్ను నలుపుకోనివ్వకండి. బిందెలు మోయడం, వంగి కసువు ఊడవడం వద్దు. రాత్రి కంటి మీద ప్లాస్టిక్ డొప్ప అంటించి, ఆపరేషన్ కాని వైపుకి తిప్పి పడుకోబెట్టండి. షుగరు, బీపీ మాత్రలు ఆపకండి. మంచం, చెంబు, చెప్పులు రోజూ ఒకేచోట ఉంచండి. బాత్‌రూమ్ దారిలో రాత్రంతా లైటు వేసి ఉంచండి. ఒక కన్ను మూసి ఉన్న మనిషి కిందపడితే తుంటి ఎముక పోతుంది.

నొప్పి పెరిగినా, ఎరుపు పెరిగినా, పుసి కారినా, వచ్చిన చూపు మళ్ళీ తగ్గినా, కంట్లో మెరుపులు కనిపించినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి. రేపు కోతకి మనుషులొస్తారు, ఎల్లుండి చూద్దాం అనుకోవద్దు.

ఇక రెండో సంగతి. ఆ పరీక్షల్లోనే అమ్మకి నీటికాసులు కూడా మొదలైనట్టు తేలింది. దాన్నే గ్లాకోమా అంటారు. మన చేలోకి నీళ్ళు వస్తూనే ఉండి మురుగుకాలవ పూడిపోతే ఏమవుతుంది? వేరు ఊపిరాడక కుళ్ళిపోతుంది. కంట్లో కూడా ఒక నీరు ఊరుతూ, బయటికి పోతూ ఉంటుంది. పోయే దారి మూసుకుంటే కంట్లో ఒత్తిడి పెరిగి, వెనకున్న కంటి నరం దెబ్బతింటుంది. శుక్లం తీస్తే చూపు వస్తుంది. నీటికాసుల్లో పోయిన చూపు తిరిగి రాదు, మందు ఉన్న చూపునే కాపాడుతుంది.

ఇక్కడే మనవాళ్ళు దెబ్బతింటున్నారు. ఎక్కువ మందికి నొప్పి ఉండదు. పక్క చూపు ముందు పోతుంది కాబట్టి ఎదురుగా అన్నీ కనిపిస్తూనే ఉంటాయి. మా ఊళ్ళో నాకు బాబాయి వరసయ్యే ఆయన ఆరు నెలలు చుక్కలు వేసుకుని, "చూపు ఏం పెరగలేదురా, డబ్బులు దండగ" అని మానేశాడు. తర్వాత పక్కనించి వచ్చే గేదె కనపడక గుద్దుకునేవాడు, గుమ్మం భుజానికి కొట్టుకునేది. మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళేసరికి ఒక కన్ను పూర్తిగా పోయింది. ఈ మందు శుక్లం చుక్కల్లాగా నెల రోజులది కాదు, బీపీ మాత్ర లాగా రోజూ వెయ్యాల్సిందే. సీసా అయిపోకముందే ఇంకోటి తెచ్చిపెట్టుకోండి. ఆయాసం, గుండె జబ్బు ఉంటే డాక్టరుకి ముందే చెప్పండి, కొన్ని చుక్కలు వాళ్ళకి పడవు.

మన దగ్గర ఉన్న మూడు అలవాట్లు మానుకోవాలి. ఒకటి, శుక్లం బాగా ముదిరాక తీయిద్దాం అని ఆగడం. మరీ ముదిరితే దానివల్లే కంట్లో ఒత్తిడి పెరిగి కన్ను పోవచ్చు. పెద్దవాళ్ళకి ఉన్నట్టుండి కన్ను, తల పగిలేంత నొప్పి, వాంతులు, దీపం చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తే అది పైత్యం కాదు, వెంటనే బండెక్కించండి. రెండు, ఘాటుకి కన్ను ఎర్రబడితే మందుల షాపులో అడిగి ఏదో ఒక చుక్కలు తెచ్చుకోవడం. వాటిల్లో స్టెరాయిడ్ ఉంటే నెలల తరబడి వాడినవాళ్ళకి నీటికాసులు, శుక్లం రెండూ రావచ్చు. మూడు, చనుబాలు, ఆముదం, ఆకు పసర్లు కంట్లో పొయ్యడం.

నీటికాసులు రక్తసంబంధంలో వస్తాయి. అమ్మకి అని తేలాక నేను, మా అన్న, చెల్లెలు ముగ్గురం వెళ్ళి ఒత్తిడి, కంటి నరం చూపించుకున్నాం. నలభై దాటినవాళ్ళు శిబిరంలో కళ్ళజోడు ఇచ్చారు కదా అని ఆగకండి, ఈ పరీక్ష కూడా అడిగి చేయించుకోండి.

మీ ఇంట్లో ఎవరైనా కంటి చుక్కలు వాడుతుంటే ఈ రాత్రి సీసా ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. మందు ఉందా, మూత ఎప్పుడు తీశారు, రేపు మధ్యాహ్నం వంతు ఎవరిది? మీ ఊళ్ళో చుక్కలు మానేసినవాళ్ళు ఉంటే ఈ పోస్టు వాళ్ళకి చదివి వినిపించండి.