మా అమ్మాయి రంగుల పెట్టె

"మంచమున్నంత వరకే కాళ్ళు చాపుకోవాలి" అని మన పెద్దలు చెప్పిన మాట ఇంటి ఖర్చులకే కాక కళాసాధనకు కూడా వర్తిస్తుందని నేను ఆలస్యంగా గ్రహించాను. ఆ ఆలస్యానికి మా ఇంట చెల్లించిన మూల్యం రూపాయలతో కొలవదగినది కాదు. కంప్యూటరు మీద బొమ్మలు గీయడానికి పిల్లలకు ఏ సాఫ్ట్‌వేర్ సమకూర్చాలా అని ఆలోచిస్తున్న సహోద్యోగ మిత్రులకు ఉపకరిస్తుందన్న ఆశతో ఆ అనుభవాన్ని ఇక్కడ నివేదిస్తున్నాను.

మాది పార్వతీపురం ప్రాంతం. బెంగాల్ నాగపూర్ రైల్వే నాటి నుంచి ఉత్తరాంధ్ర కుటుంబాలు ఉద్యోగరీత్యా తరలివచ్చి బిలాస్‌పూర్‌లో స్థిరపడుతూ వచ్చాయి. మా నాన్నగారు కూడా అలా వచ్చినవారే. నేను ఇక్కడే పుట్టి పెరిగి, మన సంస్థలో చేరి, కొన్నేళ్ళుగా బెల్తరాలో కాపురముంటున్నాను. ఆరవ తరగతిలో ఉండగా నాకు పన్నెండు రంగుల పెట్టె కావాలని నాన్నగారి వద్ద మారాం చేశాను. ఆయన కోపగించుకోలేదు. "ముందు నువ్వేం గీస్తావో చెప్పరా" అన్నారు. షెడ్డులోని ఆవిరి ఇంజన్లు తప్ప మరో లోకమెరుగని నేను "రైలింజన్లు" అన్నాను. "ఇంజను నల్లగానే ఉంటుంది కదా!" అని నవ్వి, మరునాడు ఒక నల్ల సిరాబుడ్డి, ఒక కుంచె తెచ్చి ఇచ్చారు. ఆనాడు ఏడ్చిన మాట నిజమే. కాని ఆ ఒక్క నలుపుతోనే వెలుగునీడలు చూపడం అలవడింది. తరువాతి కాలంలో భద్రతా వారోత్సవాలకు నేను గీసిన పోస్టర్లన్నింటికీ ఆ సిరాబుడ్డే పునాది.

మా అమ్మాయికి ఆ పిచ్చి నా నుంచే వచ్చినట్లుంది. తొమ్మిదవ తరగతిలో ఉండగా నా ఫోనులో ఐబిస్ పెయింట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టుకొని వేలితో బొమ్మలు గీస్తూ ఉండేది. కంప్యూటరు మీద గీస్తానని అడిగినప్పుడు నేను మా నాన్నగారి ప్రశ్నను మరచిపోయాను. "ఏం గీస్తావమ్మా?" అని దాన్ని అడగవలసింది పోయి, "అన్నింటికన్నా గొప్పది ఏది?" అని ఒక దుకాణదారుణ్ణి అడిగాను. అతడు చాలా ఖరీదైన ఒక సాఫ్ట్‌వేర్‌కు దొంగ ప్రతిని కొద్ది వందల రూపాయలకే ఎక్కించి ఇచ్చాడు. అది న్యాయం కాదని తెలిసీ, పిల్ల సంతోషం చూసి నోరు మెదపలేదు.

ఆ ఏడు మా అమ్మ పెరటి గుమ్మంలో కూర్చొని చింతపండులో గింజలు తీస్తుంటే అమ్మాయి ఎదురుగా కూర్చొని, కాగితం మీద రేఖలు గీసుకొని, ఆపైన కంప్యూటరులో రంగులు నింపింది. వేళ్ళ మీది చింతపండు మరకతో సహా అమ్మ అందులో ఉంది. మరి మూడు నెలలకు అమ్మ కాలం చేసింది. ఆ తరువాత కొద్ది రోజులకే కంప్యూటరుకు వైరస్ సోకింది. దొంగ ప్రతులు ఎక్కించడానికి రక్షణ సాఫ్ట్‌వేర్‌ను ఆపివేయడం పరిపాటి. మా ఇంట జరిగిందీ అదే. ఫైళ్ళు ఒక్కటీ తెరుచుకోలేదు. వేరొక చోట ప్రతి దాచుకోవాలన్న ఇంగితం మాకు లేకపోయింది. ఎనిమిది నెలల బొమ్మలతో పాటు అమ్మ చిత్రం కూడా పోయింది. రేఖలు గీసిన కాగితమైనా మిగలలేదు.

సాంవత్సరికం దగ్గర పడుతుండగా అమ్మాయే వచ్చి, "నాన్నా, నాన్నమ్మను మళ్ళీ గీస్తాను. ఈసారి ఏది వాడమంటావు?" అని అడిగింది. అప్పుడు నా నోట నాన్నగారి ప్రశ్నే వచ్చింది. "ముందు నువ్వేం గీస్తావో కాగితం మీద రాయి తల్లీ" అన్నాను. అది రాసినది ఇది: రంగుల చిత్రం ఒకటి, ఎ-4 పరిమాణంలో అచ్చు, కింద తెలుగులో నాన్నమ్మ పేరు, మాసిపోయిన పాత ఫొటో ఒకటి బాగుచేయడం. దాని కింద నేను రెండు పంక్తులు చేర్చాను: మన కంప్యూటరు పాతది, జ్ఞాపకశక్తి 8 గిగాబైట్లు, ఖర్చు అయిదు వేలు దాటరాదు.

ఈ చీటీ చేతబట్టుకొని వెదికితే దారి సుగమమైంది. కంప్యూటరు చిత్రాలు ప్రధానంగా రెండు రకాలు. మొదటిది రంగు చుక్కలతో నింపేది. పొడి రంగులతో వాకిట వేసిన రంగవల్లి వంటిది. దానిని సాగదీస్తే చెదురుతుంది. రెండవది లెక్క ప్రకారం గీసేది. చుక్కల ముగ్గు వంటిది. చుక్కల లెక్క తెలిస్తే అరచేయంత ముగ్గునైనా వీధంత ముగ్గునైనా ఒకే తీరున వేయవచ్చు. ముఖచిత్రాలకు, ప్రకృతి దృశ్యాలకు మొదటి రకం కావాలి. అక్షరాలకు, చిహ్నాలకు, పోస్టర్లకు రెండవది మేలు.

మొదటి రకంలో మా అమ్మాయి అవసరానికి క్రీటా సరిపోయింది. స్వీడిష్ భాషలో ఆ మాటకు సుద్దముక్క అని అర్థమట. 1999లో ఆరంభమైన ఈ సాఫ్ట్‌వేర్‌ను స్వచ్ఛంద కృషితో, విరాళాలతో అభివృద్ధి చేస్తున్నారు. ఎవరైనా ఉచితంగా, చట్టబద్ధంగా వాడుకోవచ్చు. ఫొటోలు బాగుచేయడానికి 1995లో అమెరికాలో ఇద్దరు విద్యార్థులు మొదలుపెట్టిన గింప్ ఉంది. చుక్కల ముగ్గు పద్ధతికి 2003లో వెలువడిన ఇంక్‌స్కేప్ ఉంది. ఈ మూడింటికీ వెల లేదు.

అలాగని వెల పెట్టి కొనేవన్నీ వృథా అనడం నా అభిమతం కాదు. 1990లో వెలువడిన ఫోటోషాప్ ముద్రణ, ప్రకటన రంగాలలో బహుళ ప్రచారం పొందింది. ఆ రంగాలలో ఉద్యోగం కోరే యువకులు దానిని నేర్వడం అవసరమే. కాని 2013 నుంచి దాని కొత్త రూపాలు చందా పద్ధతిలోనే లభిస్తున్నాయి. చందా ఆపితే పని ఆగుతుంది. ఏ సాఫ్ట్‌వేర్‌కైనా నెలకు వెయ్యి రూపాయలనుకుంటే అయిదేళ్ళకు అరవై వేలవుతుందని ముందే లెక్క వేసుకోవాలి. బొమ్మల కథలు గీసేవారు మెచ్చే జపాన్ దేశపు క్లిప్ స్టూడియో పెయింట్‌ను కంప్యూటరుకైతే ఒకేసారి వెల చెల్లించి కూడా కొనుక్కోవచ్చు. ప్రొక్రియేట్ వెల స్వల్పమే, అదీ ఒక్కసారే. కాని అది యాపిల్ వారి పరికరాల మీదనే నడుస్తుంది. ఐప్యాడ్ ఇంట ఉన్నవారికి అది చవక. లేనివారికి గుర్రపు నాడా దొరికిందని గుర్రాన్ని కొన్నట్లే.

సాఫ్ట్‌వేర్‌కు ఖర్చు తప్పినందున ఆ డబ్బుతో నాలుగు వేల లోపున ఒక పెన్ టాబ్లెట్ కొన్నాను. చేతి ఒత్తిడిని బట్టి గీత లావు, సన్నమయ్యే పలక అది. వేలితో గీసిన గీతకు, దానితో గీసిన గీతకు భేదం చూశాక, ముందుగా కొనవలసింది ఇదేనని తోచింది.

మరొక లెక్క కూడా మనవి చేయాలి. మంచి అచ్చుకు అంగుళానికి 300 చుక్కలు కావాలి. అంటే ఎ-4 కాగితానికి 2480 అడ్డంగా, 3508 నిలువుగా. ఇట్టి చిత్రంలో ఒక్కొక్క పొర సుమారు 35 మెగాబైట్ల జ్ఞాపకశక్తిని ఆక్రమిస్తుంది. ముప్ఫై పొరలు వేస్తే ఒక గిగాబైటు దాటుతుంది. కనుక పాత కంప్యూటరు మీద పొరలు పొదుపుగా వాడాలి. ఉచిత సాఫ్ట్‌వేర్‌కు వెల లేకున్నా నేర్చుకొనే శ్రమ ఉంటుంది. మా అమ్మాయికి చేయి కుదరడానికి రెండు నెలలు పట్టింది.

మిగిలింది పేరు. అమ్మ పేరులో మూడు ఒత్తులున్నాయి. మునుపటి దొంగ ప్రతిలో టైపు చేస్తే ఒత్తులు అక్షరాల కిందికి చేరక పక్కన నిలబడేవి. హిందీ మాధ్యమంలో చదివే మా అమ్మాయికి తెలుగు అక్షరాలు దిద్దించినది మా అమ్మే. "నాన్నమ్మ పేరు విరిగిపోయింది" అని అది ఆనాడే అన్నది; నేను పట్టించుకోలేదు. ఇంక్‌స్కేప్‌లో యూనికోడ్ పద్ధతిలో టైపు చేయగా ఒత్తులు వాటి చోట్ల అవి కూర్చున్నాయి. రామభద్ర, మండలి, సూరన్న వంటి తెలుగు ఖతులు ఉచితంగానే లభిస్తున్నాయి. వాటిలో మండలిని ఎంచుకున్నది.

సాంవత్సరికానికి మా అక్క పార్వతీపురం నుంచి విశాఖపట్నం–కోర్బా ఎక్స్‌ప్రెస్‌లో వచ్చింది. గోడ మీది పటం ముందు చాలాసేపు నిలబడి, పేరును అక్షరం అక్షరం చదివి, మేనకోడలి తల నిమిరింది. అందరూ మెచ్చుకున్నారు. "వేళ్ళ మీది చింతపండు మరక మాత్రం మొదటి బొమ్మలో లాగ రాలేదు అత్తా" అన్నది అమ్మాయి. నాకూ అలాగే అనిపించింది. ఎదుట కూర్చున్న మనిషిని చూసి గీసినది వేరు, ఫొటో చూసి గీసినది వేరు. ఆ చిత్రానికి మూడు ప్రతులున్నాయి: కంప్యూటరులో ఒకటి, పెన్‌డ్రైవులో ఒకటి, అక్క ఇంట్లో ఒకటి.

మిత్రులు ఎవరైనా ఇప్పుడు నన్ను ఏ సాఫ్ట్‌వేర్ మంచిదని అడిగితే పేరు చెప్పను. మీ అమ్మాయి ఏం గీస్తుంది అని అడుగుతాను. నాన్నగారు నాకు కొనిచ్చిన రంగుల పెట్టె ఆ ప్రశ్నేనని ఇప్పుడు తెలుస్తున్నది.