ఓడ రేవు బజారులో మిరప రైతు

అమెరికా నుంచి వచ్చి 12 రోజులైంది. రచ్చబండ కాడ, టీ కొట్టు కాడ ఎవరు కనపడ్డా ఒకటే మాట, "ఓడెక్కావంటగా, ఏం కొనుక్కొచ్చావ్?" అని. ఒక్కొక్కరికి చెప్పే బదులు ఇక్కడ రాస్తున్నా. కాస్త పెద్దదే, పొలం నుంచి వచ్చాక తీరిగ్గా చదువుకోండి. పైగా మన రైతు సంఘంలో కారం కొట్టు సంగతి మూడు నెలలుగా నానుతోంది కదా. విశాఖలో 2023లో ఓడ యాత్రికుల కోసం కొత్త టెర్మినల్ తెరిచారు, అక్కడ దిగేవాళ్ళకి మన కారం ప్యాకెట్లు అమ్ముదాం, తలా 20 వేలు వెయ్యండి అని కుర్రాళ్ళు పట్టుబట్టారు. ఆ మాట మనసులో పెట్టుకునే నేను ఆ రేవు బజారంతా తిరిగాను.

మా అమ్మాయి, అల్లుడు ఉండేది టెక్సాస్‌లో, హ్యూస్టన్ దగ్గర. అక్కడి నుంచి కారులో గంట పోతే గాల్వెస్టన్ రేవు. అక్కడ ఓడెక్కితే మర్నాడంతా నీళ్ళే. మూడో రోజు పొద్దున్నే మెక్సికో దేశానికి చెందిన కొజుమెల్ అనే దీవి. ఓడ ఎంత పెద్దది, లోపల ఏమేం ఉన్నాయి అనేది మీరు వీడియోల్లో చూసే ఉంటారు, నేను చెప్పను. మనవాళ్ళెవరైనా వెళ్తే మాత్రం ఒకటి చూసుకోండి. అమెరికా వీసా ఉన్నవాళ్ళకి మెక్సికో వీసా వేరే అక్కర్లేదు గానీ, ఆ అమెరికా వీసా ఎన్నిసార్లైనా లోపలికి రానిచ్చేదై ఉండాలి. లేకపోతే తిరిగొచ్చేటప్పుడు గుమ్మంలో నిలబెడతారు.

ఓడలో ఉండగానే బజారు మొదలైంది. రెండో రోజు మధ్యాహ్నం ఒక పెద్ద హాల్లో ఒకావిడ మైకు పట్టుకుని రేపు దిగాక ఎక్కడ ఏం కొనాలో గంటసేపు చెప్పింది. అందరికీ ఒక మ్యాపు పంచారు. ఫలానా కొట్లోకి వెళ్ళి ఈ కూపన్ చూపిస్తే చిన్న లాకెట్టు ఉచితం అట. మా ఇంటావిడకి కళ్ళు మెరిశాయి. మా అల్లుడు మ్యాపు తిరగేసి అడుగున చీమ తలకాయంత అక్షరాలు చూపించాడు. "మావయ్యా, ఇందులో ఉన్న షాపులన్నీ ప్రచారానికి డబ్బులు కట్టినవే. కట్టనివాళ్ళ షాపులు మ్యాపులోనే లేవు." ఇంకేముంది, నాకు లెక్క అర్థమైపోయింది. పురుగు మందుల కంపెనీ వాళ్ళు మీటింగు పెట్టి బిర్యానీ పెడతారే, ఆ బిర్యానీ డబ్బులు ఏ డబ్బాలోంచి వస్తాయో మనకి తెలియదా!

మూడో రోజు 8 గంటలకి దిగాం. మళ్ళీ సాయంత్రం నాలుగున్నరకల్లా ఓడెక్కాలి, రాకపోతే ఓడ ఆగదు. రేవులోంచి రోడ్డు మీదకి పోవాలంటే వంతెన దాటి దుకాణాల మధ్యలోంచే పోవాలి, వేరే దారి నాకైతే కనపడలేదు. వాచీలు, సెంట్లు, వజ్రాలు, సారా సీసాలు. ఒకడు మూతెడు సారా ఉచితంగా పోసి రుచి చూడమంటాడు. ఇంకొకడు మన మొహాలు చూసి "నమస్తే" అంటాడు. ఎంతమంది ఇండియా వాళ్ళు దిగితే వాడికి ఆ మాట వచ్చిందో! ప్రపంచంలో ఓడ యాత్రికులు ఎక్కువగా దిగే రేవుల్లో కొజుమెల్ ఒకటి. మేం వెళ్ళిన రోజు నాలుగు ఓడలు కట్టేసి ఉన్నాయి.

ధరల చీటీ మీద డాలరు గుర్తే ఉంటుంది, కానీ వాళ్ళ పెసోకి కూడా అదే గుర్తు. ఒక డాలరు ఇస్తే పదిహేడో పద్దెనిమిదో పెసోలు వస్తాయి. 200 అని రాసి ఉంటే ఏ 200 అని అడిగి తీరాలి.

వెండి గురించి ఆడవాళ్ళు అడిగారు కాబట్టి రెండు ముక్కలు. మెక్సికో వెండికి పేరున్న దేశమే. మంచి వెండి మీద 925 అని ముద్ర ఉంటుంది, అంటే నూటికి తొంభై రెండున్నర పాళ్ళు వెండి. అక్కడ అల్పాకా అని ఇంకో సరుకు అమ్ముతారు. చూడటానికి అచ్చం వెండే, అదేమిటంటే మన జర్మన్ సిల్వరు, వెండి రవ్వంత కూడా ఉండదు. మా ఇంటావిడ ఒక గొలుసు దగ్గర బేరం మొదలుపెట్టింది. 60 డాలర్లు చెప్పాడు. ఈవిడ వద్దని నాలుగడుగులు వేసేసరికి 40, గుమ్మం దాటేసరికి 25. "ఏవండీ, ఇంకో నాలుగు షాపులు దాటితే వాడే ఎదురిస్తాడేమో" అంది. కొనలేదు.

నన్ను ఆపింది మాత్రం వెనిలా. ఐస్‌క్రీములో వేసే వెనిలా అండి. దానికి పుట్టిల్లు మెక్సికోనే. ప్రతి మూడో కొట్లో సీసాలు గుట్టలు పోసి ఉన్నాయి. లీటరు సీసా 8 డాలర్లు! పక్కనే అరచేతిలో పట్టే చిన్న సీసా, పావు లీటరు కూడా లేదు, 25 డాలర్లు. రెంటి మీదా వెనిలా అనే రాసి ఉంది. రేటు చూడగానే రైతన్నవాడికి అనుమానం రావాలి.

ఆ పంట సంగతి వింటే మిరప ఎంతో సుఖం అనిపిస్తుంది. అదొక తీగ. పువ్వు పూసిన పూటే, మధ్యాహ్నం లోపల, పుల్లతో ఒక్కొక్క పువ్వునీ చేత్తో కలపాలి. దాటితే రాలిపోతుంది. ఈ చేత్తో కలిపే కిటుకు కనిపెట్టింది రీయూనియన్ అనే దీవిలో బానిసగా ఉన్న పన్నెండేళ్ళ పిల్లాడు, ఎడ్మండ్ ఆల్బియస్ పేరు, 1841లో. కాయ ముదరడానికి ఎనిమిది తొమ్మిది నెలలు. కోశాక పగలు ఎండబెట్టి, రాత్రి దుప్పట్లలో చుట్టి చెమట పట్టించి, అలా నెలల తరబడి చేస్తేనే ఆ వాసన వచ్చేది. మనం కళ్ళంలో కాయలు పోసి రాత్రి పట్టాలు కప్పుతూ నిద్ర లేకుండా కాపలా కాస్తామే, దానికి పెద్ద అక్క ఈ పని. అయిదారు కిలోల పచ్చి కాయ ఎండితే ఒక్క కిలో. 2003 ప్రాంతంలో రేటు ఆకాశంలో ఉందని మన కేరళ, కర్ణాటక రైతులు ఈ తీగ వేశారు. తర్వాత రేటు కూలి చాలామంది పీకేశారు. ఆ కథ మనకి కొత్త కాదు.

ఇప్పుడు లెక్క చూడండి. అమెరికా రూలు ప్రకారం అసలు వెనిలా రసం లీటరు తీయాలంటే దగ్గర దగ్గర 100 గ్రాముల ఎండు కాయ పడాలి, నూటికి 35 పాళ్ళు ఆల్కహాలు ఉండాలి. 100 గ్రాములంటే ముప్పై పైచిలుకు కాయలు. ముప్పై పువ్వుల్ని ఒక మనిషి చేత్తో కలిపి, ఏడాదికి పైగా సాకి, ఆరబెట్టి, సీసాలో పోసి, ఓడ రేవులో అద్దె కట్టి 8 డాలర్లకి ఎలా అమ్ముతాడు? అమ్మలేడు. అందులో ఉన్నది రంగు, వాసన మందు. కొన్నిటిలో టోంకా అనే గింజ వాసన కలిపేవాళ్ళట. అందులో ఉండే కూమరిన్ ఆరోగ్యానికి మంచిది కాదని అమెరికాలో 1954 నుంచే తిండిలో వాడకుండా ఆపేశారు. మన దగ్గర కిలో కారం రేటు కిలో ఎండుమిర్చి రేటు కంటే తక్కువగా ఉంటే అందులో ఏం కలిసిందో మనం చూడకుండానే చెప్తాం కదా. తొడిమ తీస్తే తరుగు, ఆడిస్తే మర కూలి, పైన ప్యాకెట్టు ఖర్చు. వెనిలా చెట్టు మొహం చూడకపోయినా అదే లెక్క అక్కడా పనికొచ్చింది. మా అమ్మాయి స్నేహితురాళ్ళు మూడు లీటరు సీసాలు తెమ్మన్నారు, తేనివ్వలేదు.

అప్పటికి పదకొండున్నర. ఎండ మన మే నెల ఎండే, పైన ఉప్పు గాలి. "నాన్నా, ఈ ఊరోళ్ళు ఎక్కడ కొనుక్కుంటారో అక్కడికి పోదాం" అంది అమ్మాయి. సముద్రం ఒడ్డు వదిలి నాలుగైదు వీధులు లోపలికి నడిస్తే మునిసిపాలిటీ మార్కెట్టు వచ్చింది. నాలుగైదు వీధులకే లోకం మారిపోయింది. పిలిచేవాడు లేడు, నమస్తే లేదు. మాంసం కొట్లు, కూరగాయల గంపలు, పెసోల్లో కిలో రేటు రాసిన అట్టముక్కలు.

అక్కడ నిలబడి నేను నవ్వుకున్నాను. బొప్పాయి, సపోటా, జామ, మొక్కజొన్న, టమాటా. మన సంతలాగే ఉంది! అసలు ఇవన్నీ ఆ వైపు నుంచే మనకొచ్చినవి. టమాటా అనే మాట, సపోటా అనే మాట కూడా మెక్సికో పాత భాషవే. సపోటా చెట్టు పాలతోనే మొదట్లో బబుల్‌గమ్ములు, చూయింగ్ గమ్ములు చేసేవాళ్ళు, ఆ దీవికి ఎదురుగా ఉన్న యూకటాన్ అడవుల్లో పాలు గీసే కూలీలు వేలల్లో ఉండేవాళ్ళట. ఇక మిరప సంగతి చెప్పేదేముంది, అయిదొందల ఏళ్ళ కిందట పోర్చుగీసు వాళ్ళ ఓడల్లో మన దేశానికి వచ్చిందే కదా. పంట పుట్టింది అక్కడ, ఇప్పుడు ఎక్కువ పండించేది మనం. వెనిలా పుట్టింది అక్కడ, ఇప్పుడు ఎక్కువ పండేది మడగాస్కర్‌లో.

ఒక పెద్దావిడ, మెడ చుట్టూ పూలు కుట్టిన తెల్ల జాకెట్టు, మిరపకాయలు పోసుకుని కూర్చుంది. నారింజ రంగువి, బుడ్డగా చిన్న లాంతరులా ఉన్నాయి. హబనేరో అంటారు. యూకటాన్ హబనేరో అనే పేరు అక్కడ పండిన కాయకే వాడాలని 2010లో హక్కు తెచ్చుకున్నారు, మన గుంటూరు సన్నానికి ఉన్నట్టు. ఒకటి తుంచి ముక్కు దగ్గర పెట్టుకున్నా. పండు వాసన! నాలుక్కి తగిలించా. తమ్ముళ్ళూ, తేజ కాయ దీని ముందు చంటిపిల్ల. కళ్ళలో నీళ్ళొచ్చాయి. ఆవిడ పగలబడి నవ్వింది.

మా అమ్మాయి ఫోన్లో మాటలు తర్జుమా చేస్తుంటే మాట్లాడుకున్నాం. నేను ఫోన్లో మా కళ్ళం ఫొటో చూపించాను. ఎర్రగా పరిచిన కాయ చూసి ఆవిడ పక్క కొట్టావిడని పిలిచి మరీ చూపించింది. ఇదంతా నీదేనా అంది. పావు వంతు కౌలుది అంటే ఫోను ఏం తర్జుమా చేసిందో గానీ ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. ఈ కాయ మీ పొలందా అని నేనడిగాను. ఈ దీవి అంతా సున్నపురాయి, అడవి, ఇక్కడ పండేది తక్కువ, సరుకంతా అవతలి ఒడ్డు నుంచి పడవల్లో వస్తుంది అంది. పండించినవాడికి ఎంత ముడుతుందో నాకు తెలియదు, టోకు వర్తకుడు చెప్పడు అంది. ఇక్కడా అంతేనా అనుకున్నా.

మరి రేవు దగ్గర కొట్టు పెట్టుకోవచ్చుగా, అక్కడ డాలర్లుగా అని అడిగాను. ఆవిడ చేతులు ఊపుతూ చాలాసేపు చెప్పింది. ఓడలు లేని రోజు ఆ వైపు సగం కొట్లు తీయరట. 2020లో ఓడలు ఆగిపోయి ఏడాదికి పైగా ఒక్కటీ రాలేదు, అప్పుడు రేవు దగ్గర పనిచేసిన తన చెల్లెలి కొడుకు ఊరు వదిలిపోయాడట. "ఊళ్ళో వాళ్ళు రోజూ తింటారు" అంది. ఫోను ఆ మాట మాత్రం తప్పు లేకుండా చెప్పింది.

హబనేరో విత్తనం తెచ్చి మన మళ్ళో నాలుగు మొక్కలు పెట్టాలని చెయ్యి లాగింది. కానీ గాల్వెస్టన్‌లో దిగేటప్పుడు విత్తనాలు, పచ్చికాయలు, మొక్కలు ఉన్నాయా అని అడుగుతారు, అనుమతి లేకుండా తేకూడదు. మంచి రూలే. తామర పురుగు ఎక్కడి నుంచో దిగి మన తోటల్ని ఏం చేసిందో చూశాం. ఆవిడ దగ్గర మూత వేసిన హబనేరో పచ్చడి సీసాలు రెండు, చిన్న వెనిలా సీసా ఒకటి తీసుకున్నా. వెనిలా మాత్రం అట్ట మీద పండిన చోటు, ఆల్కహాలు పాళ్ళు రాసి ఉన్నదే చూసి తీసుకున్నాం. రేవులో చూసిన చిన్న సీసా కంటే 7 డాలర్లు తక్కువ పడింది. ఆవిడ దగ్గర బేరం లేదు, అట్టముక్క మీద ఉన్నదే రేటు, మా ముందు నిలబడ్డ ఊరోళ్ళు ఇచ్చిందీ అంతే.

తిరిగి మూడున్నరకి రేవులోకి వచ్చేసరికి కొట్ల ముందు జనం పరుగులు పెడుతున్నారు. పొద్దున్న నాలుగు కొట్లు తిరిగి బేరమాడినవాళ్ళే ఇప్పుడు చెప్పిన రేటుకి కొనేస్తున్నారు. టైము అయిపోయిందిగా. అటు ఆఖరి గంటలో సరుకు మిగిలిన చిన్న తోపుడుబండి వాడు మాత్రం అడిగినదానికి ఇచ్చేస్తున్నాడు. తెల్లారుజామున టిక్కీలు దించి, మధ్యాహ్నం దాకా మచ్చు చూసే నాథుడు లేక, వెనక్కి తీసుకెళ్ళడానికి కిరాయి లేక, పొద్దుగూకేవేళ ఎంతకో అంతకి ఇచ్చి రావడం మనందరికీ తెలిసిన పనే. తొందర ఎవరిదైతే వాడే దిగుతాడు, అక్కడా ఇక్కడా.

అందుకని కారం కొట్టు మీద నా అభిప్రాయం ఇదీ. కుర్రాళ్ళు కోప్పడకండి. విశాఖకి అలాంటి ఓడలు ఏడాదిలో కొన్నిసార్లే వస్తాయి. వాటిని నమ్ముకుని రేవు గుమ్మంలో అద్దెకి దిగితే, ఓడ రాని రోజుల అద్దె కూడా మన కాయే కట్టాలి. ఊళ్ళో రోజూ తినేవాళ్ళు నడిచే వీధిలో పెడదాం, ఓడ వచ్చిన రోజు ఒక బల్ల తీసుకెళ్ళి వేద్దాం. ప్యాకెట్టు మీద ఏ ఊరి కాయ, ఏ రకం, ఏ నెలలో ఆడించింది రాద్దాం. పక్కనే కాయ కూడా పోసి ఉంచుదాం, కొనేవాడు కారాన్నీ కాయనీ పక్కపక్కన చూసుకుంటాడు. 20 వేలు నేనూ వేస్తాను, కానీ రేవు గుమ్మం కొట్టుకి మాత్రం వెయ్యను.

ఆదివారం సంఘం దగ్గరికి వచ్చేటప్పుడు ఎవరి లెక్క వాళ్ళు రాసుకు రండి. ఎన్ని కిలోలకి ఎంత తొడిమ తరుగు పోయిందో, మర కూలి ఎంతో, కోల్డ్ స్టోరేజీ కిరాయి ఎంతో. హబనేరో పచ్చడి సీసా ఒకటి నేను తెస్తా. వేలితో తీసుకుని నాకండి గానీ, ఆ వేలు కంట్లో మాత్రం పెట్టుకోకండి.