వాయిదా ఉంది... పేటకెళ్లాలి!

పొద్దున్నే జగ్గయ్యపేట వైపు వచ్చే పల్లె బస్సుల్లో కోర్టుకెళ్లేదెవరో కనిపెట్టడం పెద్ద కష్టం కాదు. ఆసుపత్రికి వెళ్లేవాళ్ల చేతిలో ఎక్స్‌రే కవరుంటుంది. వాయిదాకి వెళ్లేవాళ్ల చంకలో ఓ ప్లాస్టిక్ సంచి ఉంటుంది. అందులో పాస్‌పుస్తకం, తాతలనాటి దస్తావేజు, మడతల దగ్గర చిరిగిన నకలు, ఆధార్ జిరాక్సులు... ఒక కుటుంబం కష్టసుఖాలన్నీ ఆ సంచిలోనే. పక్క సీటాయన ‘ఎక్కడికి?’ అంటే ‘పేటకి... చిన్న పనుంది’ అంటారు. అంతకుమించి చెప్పరు. అడిగినాయనకీ అర్థమైపోతుంది, ఆయన కూడా ఎప్పుడో ఒకప్పుడు ఆ సంచి మోసినవాడే కాబట్టి.

కృష్ణాజిల్లా అనగానే కాలువలూ వరిచేలూ గుర్తొస్తాయి. హైదరాబాద్-విజయవాడ రహదారి మీదున్న నందిగామ, జగ్గయ్యపేటల తీరు వేరు. ఇది మెట్ట. పత్తి, మిరప పండే నేల. సాగర్ ఎడమ కాలువకు దాదాపు చివరి భూములు. 2022 ఏప్రిల్ నుంచి ఈ ఊళ్లు ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్లాయి గానీ నీళ్ల బెంగ మాత్రం జిల్లా మారలేదు. పత్తికీ మిరపకీ పెట్టుబడి ఎక్కువ. పంట చేతికొచ్చేదాకా అప్పు తప్పదు. అప్పుకి నోటు తప్పదు. ఆ నోటు ఏదో ఒకరోజు ప్లీడరు గారి బల్ల మీదికి చేరుతుంది.

పెద్ద నగరాల్లో సివిల్‌కి ఒకరు, క్రిమినల్‌కి ఒకరు, విడాకులకు ఇంకొకరు ఉంటారు. ఇక్కడ అన్నిటికీ ఒక్కరే. పొద్దున బెయిలు, మధ్యాహ్నం గట్టు తగాదాలో ఇంజంక్షను, సాయంత్రం కొనుగోలు అగ్రిమెంటు. మధ్యలో ఎవరో వచ్చి ‘అమ్మాయిని ఫలానా ఊరిస్తున్నాం, వాళ్ల పొలం మీద తగాదాలేమైనా ఉన్నాయా’ అని వాకబు చేసి వెళ్తారు. ఆ సలహాకి ఫీజుండదు. ఆయన పక్కన గుమస్తా ఉంటాడు. వాయిదా తేదీలు నోటికి చెప్పేది ఆయనే. ఈ-కోర్టుల యాప్‌లో తేదీ కనబడుతోందని పిల్లలు ఫోన్లో చూపించినా, పెద్దాళ్లు గుమస్తా చేత చీటీ మీద రాయించుకుంటేగానీ కదలరు.

ప్రామిసరీ నోటు సంగతే చూడండి. రెవెన్యూ స్టాంపు మీద సంతకం, నూటికి రెండు రూపాయల వడ్డీ... అంటే నెలకి రెండు, ఏడాదికి ఇరవై నాలుగు. ఈ నోటుకు మూడేళ్లే ఆయుష్షు. ఆలోపు దావా వేయాలి. లేదంటే బాకీదారు ఎంతో కొంత కట్టి, నోటు వెనక ఆ సంగతి రాసి సంతకం చేయాలి. ఊళ్లలో దీన్నే చెల్లు వేయడం అంటారు. 1963 నాటి కాలపరిమితి చట్టంలో 19వ సెక్షన్ ప్రకారం ఆరోజు నుంచి మళ్లీ మూడేళ్లు మొదలవుతాయి. పెద్దగా చదువు లేని రైతుకి కూడా సెక్షన్ నంబరు తెలియకపోయినా చెల్లు సంగతి తెలుసు. తెలియనిదల్లా ఒకటుంది. ఎరువుల కోసమో విత్తనాల కోసమో ఖాళీ నోటు మీద సంతకం పెట్టి ఇస్తే, దాన్ని నింపుకొనే అధికారం చట్టం అవతలివాళ్లకే ఇస్తుంది. సమన్లు వచ్చాక ‘నేను రాయలేదండీ, సంతకం మాత్రమే పెట్టాను’ అంటే చాలదు. ఆ సమన్లు అందుకుని భయపడి దాచేస్తే మరీ ప్రమాదం. హాజరుకాకపోతే ఎక్స్‌పార్టీ డిక్రీ, ఆ వెనకే జప్తు.

ఇక ‘ఐపీ పెట్టాడు’ అనే మాట వింటే ఊరంతా ఉలిక్కిపడుతుంది. 1920 నాటి దివాలా చట్టం అది. బాకీ అయిదొందలు చేరితే చాలు, పిటిషను వేయొచ్చని రాసినప్పుడు అయిదొందలు చాలా పెద్ద మొత్తం. ఇప్పుడు ఆ డబ్బుకి మిరప చేలో ఒకపూట మందు కూడా రాదు!

పత్రం రాసుకోవడం ఈ నేలకు కొత్తేమీ కాదు. పేట పక్కనే ధనబోడు మీద బౌద్ధ స్తూపం ఉంది. 1882లో జేమ్స్ బర్జెస్ దాన్ని తవ్వించాడు. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి కాలంలో సిద్ధార్థుడనే శిల్పి స్తంభాలు నిలబెట్టి శాసనం వేయించాడు. తన పేరు, తండ్రి పేరు, నివాసం, ఊరు... వరసగా అన్నీ చెప్పాడు. సబ్ రిజిస్ట్రారు ఆఫీసు ముందు దస్తావేజు లేఖరి ఇవాళ రాసేదీ అదే వరస.

ఈ ఊరిని కట్టించి తండ్రి పేరు పెట్టిన వాసిరెడ్డి వెంకటాద్రినాయుడి ఇంట కూడా తగాదా తప్పలేదు. ఆయన ఇద్దరిని దత్తత తీసుకున్నారు. 1816లో ఆయన పోయాక వారసత్వపు దావా సముద్రాలు దాటి లండన్‌లోని ప్రివీ కౌన్సిల్‌కి చేరింది. మొదటి దత్తపుత్రుడు బతికుండగా రెండో దత్తత చెల్లదని 1840ల్లో తేలింది.

ఆ తర్వాత కూడా ఇక్కడి అప్పీళ్లు ఊళ్లు తిరుగుతూనే ఉన్నాయి. మొదట మద్రాసు. 1954లో గుంటూరు. 1956లో హైదరాబాద్. 2019 నుంచి అమరావతి దగ్గర నేలపాడు. నిన్నటిదాకా పేట చౌరస్తాలో పడమటి బస్సెక్కినవాళ్లు ఇప్పుడు తూర్పు బస్సెక్కుతున్నారు. పైకోర్టు దగ్గరికొచ్చింది, సంతోషమే. జిల్లా కోర్టు అంటే మాత్రం తరతరాలుగా బందరే. బెజవాడ దాటి ఇంకా సముద్రం దాకా పోవాలి.

ఆంధ్రప్రదేశ్ శాసనసభ తొలి స్పీకరు అయ్యదేవర కాళేశ్వరరావు కూడా న్యాయవాదే. నందిగామలోనే పుట్టారు.

ఇప్పుడు ప్లీడర్ల బల్లల మీద ఎక్కువ కన్నీళ్లు ఆడపడుచు సంతకం దగ్గరే. ఆస్తిలో కూతురికి వాటా అని ఉమ్మడి రాష్ట్రం 1985లోనే చెప్పింది. 2005లో దేశమంతా వచ్చింది. తండ్రి అప్పటికే పోయినా వాటా ఉంటుందని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. ‘పసుపుకుంకుమల కింద ఇచ్చేశాంగా’ అంటాడు అన్న. ఎకరం ధర వేలల్లో ఉన్నప్పుడు ఆ మాటకి చెల్లెలు తలూపింది. రాజధాని వచ్చి, రోడ్డు పక్క భూమి ధర మారాక తలూపడం కష్టమైంది. గెలిచినా ఓడినా ఆమెకి పుట్టింటి గుమ్మం దూరమవుతుంది. అందుకే ముందు కబురు చేసి ఇద్దర్నీ కూర్చోబెట్టే ప్లీడర్లున్నారు. లోక్ అదాలత్‌లో రాజీపడితే కట్టిన కోర్టు ఫీజు వెనక్కొస్తుంది, దాని మీద అప్పీలూ ఉండదు. ఫీజు పెట్టుకోలేమని వెనకాడే ఆడవాళ్లకో మాట... మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసాయం చట్టంలోనే ఉంది. ఫోను నంబరు 15100.

2023 చివర్లో ఈ కోర్టుల ముందు వాతావరణమే మారింది. భూహక్కుల చట్టం వస్తే పొలం తగాదాలు సివిల్ కోర్టుల చేయి దాటిపోతాయని రాష్ట్రమంతటా లాయర్లు విధులు బహిష్కరించారు. 2024లో ఆ చట్టం రద్దయింది.

ఇంకా తెగనిది సరిహద్దు తగాదా. గరికపాడు దాటితే తెలంగాణ. కోదాడ ఇరవై, పాతిక కిలోమీటర్లే. పిల్లనిచ్చుకోవడాలు, తెచ్చుకోవడాలు ఎప్పుడూ ఉన్నవే. భర్త కోదాడలో విడాకుల కేసు వేశాడనుకోండి. పుట్టింటికొచ్చిన భార్య దాన్ని పేటకు మార్పించుకోవాలంటే ఒకప్పుడు ఉమ్మడి హైకోర్టుకి వెళ్తే సరిపోయేది. హైకోర్టులు విడిపోయాక రాష్ట్రం దాటే బదిలీకి సుప్రీంకోర్టే దిక్కు. బస్సులో ముప్పావుగంట దూరం లేని కేసు ఢిల్లీ వెళ్లి రావాలన్నమాట! ఇది విడదీసినవాళ్లు ఆలోచించినట్టు లేదు. 2003 సవరణ తర్వాత భార్య తానుంటున్న ఊళ్లోనే కేసు వేయొచ్చు. కానీ భర్త ముందు వేసేశాక తెలిసి ఏం లాభం?

సాయంత్రం అయిదు దాటాక కోర్టు ఆవరణ ఖాళీ అవుతుంది. ప్లీడర్ల ఆఫీసుల్లో లైట్లు వెలుగుతాయి. బెంచీ మీద ఓ తల్లీకూతురూ. కూతురి ఒళ్లో ప్లాస్టిక్ సంచి. లోపల్నుంచి గుమస్తా కేక... ‘అమ్మా, పెళ్లి ఫొటో ఒకటి తెచ్చారా?’